పరభాషలో అనురాగం: ఇంగ్లీషు నేర్చిన చీనా పాత్రలు

ఇంగ్లీషు నేర్చుకొనే చీనా విద్యార్థులు చేసే ఒక తప్పు వారి ఉపాధ్యాయులకు చిరపరిచితమైనది. "ఐ లైక్ యు వెరీ మచ్" అనవలసిన చోట వారు "ఐ వెరీ లైక్ యు" అంటారు. కారణం స్పష్టమే. చీనా భాషలో ఇష్టాన్ని తెలిపే 'షీహ్వాన్' అనే క్రియకు ముందు, 'చాలా' అనే అర్థంలో 'హెన్' అనే మాటను నేరుగా నిలపవచ్చు. ఇంగ్లీషులో 'వెరీ' అనే మాట విశేషణాలకూ, క్రియావిశేషణాలకూ ముందు నిలుస్తుంది గాని క్రియకు ముందు నిలవదు. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో వాక్యాన్ని దిద్దుతాడు. వ్యాకరణం మట్టుకు సమస్య అక్కడితో తీరిపోతుంది. కాని ఆ వాక్యాన్ని ఒకరు మరొకరితో నిజంగానే అనదలచినపుడు, చిక్కు దిద్దుబాటు తరువాతనే మొదలవుతుంది. దిద్దిన వాక్యం నిర్దుష్టమైనదే. అయితే అది చెప్పదలచిన దానికంటే మిక్కిలి తేలికైనది. చీనా యువకుడు ఒక యువతి ఎదుట నిలిచి 'షీహ్వాన్' అన్నాడంటే, అది చాలా సందర్భాలలో మనసు విప్పి చెప్పడమే. అదే మాట ఇంగ్లీషులోకి 'లైక్' అయి దిగేసరికి, పొరుగింటివారి మీద ఉండే సద్భావంతో సమానమైపోతుంది.

రెండవ వైపు చిక్కు మరొక తీరుగా ఉన్నది. ఇంగ్లీషువారు 'లవ్' అనే మాటను ప్రియురాలి విషయంలోనే కాక, పాలమీగడ మంచు విషయంలోను, కొత్త చెప్పుల విషయంలోను, ఆదివారపు ఎండ విషయంలోను కూడా వాడతారు. టెలిఫోను పెట్టేసే ముందు తల్లులూ పిల్లలూ ఆ మాటను సెలవు పుచ్చుకొనే మాటగా వాడుకుంటారు. చీనా భాషలో దానికి ఈడైన 'ఆయ్' అనే మాటను దేశానికీ, కళకూ అన్వయించడం కద్దు. భార్యాభర్తలు మాత్రం ఒకరి ముఖం చూచి ఒకరు ఆ మాట అనకుండానే జీవితమంతా గడపడం పాత తరం కుటుంబాలలో వింత కాదు. నిఘంటువు 'షీహ్వాన్'కు ఎదురుగా 'లైక్' అనీ, 'ఆయ్'కు ఎదురుగా 'లవ్' అనీ రాసి ఊరుకుంటుంది. అర్థం అంతే గదా అని విద్యార్థి నమ్ముతాడు. ఆ మాటల బరువును నిఘంటువు తూచి చూపదు.

ఈ బరువుల తేడా కేవలం బడిపంతుళ్ల సమస్యగా ఉండిపోలేదు. చీనాలో పుట్టి ఇంగ్లీషులో రచన చేస్తున్న ఇద్దరు రచయిత్రులు దీనిని తమ కథావస్తువులోనికి తీసుకొన్నారు. యియున్ లీ కథల సంపుటి 'ఎ థౌజండ్ ఇయర్స్ ఆఫ్ గుడ్ ప్రేయర్స్' 2005లోను, షియావ్‌లూ గువో నవల 'ఎ కన్సైజ్ చైనీస్-ఇంగ్లీష్ డిక్షనరీ ఫర్ లవర్స్' 2007లోను వెలువడ్డాయి. లీ సంపుటికి అదే సంవత్సరం ఫ్రాంక్ ఓకానర్ పేరిట నెలకొల్పిన కథానికా బహుమతి లభించింది. గువో నవల ఆరెంజ్ బహుమతికి తుది పరిశీలనలో నిలిచింది. బహుమతుల మాట అటుంచి, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినవారికి ఒకే ప్రశ్నకు రెండు విరుద్ధమైన సమాధానాలు దొరుకుతాయి. వాటిని విచారించడానికి ముందు 'ఆయ్' అనే మాట చరిత్రను కొంత చెప్పుకోక తప్పదు.

ఆ మాటకు మొదటినుండీ ఇంత వన్నె లేదు. మెన్షియస్ గ్రంథంలో ఒక వృత్తాంతం ఉన్నది. బలికి తోలుకొనిపోతున్న ఎద్దును చూచి ఒక రాజు జాలిపడి, దానిని విడిచిపెట్టి బదులుగా గొర్రెను బలి ఇమ్మన్నాడు. ప్రజలు మాత్రం రాజు పిసినిగొట్టుతనం వల్ల పెద్ద జంతువును మిగుల్చుకొన్నాడని చెప్పుకొన్నారు. ఆ పిసినిగొట్టుతనాన్ని తెలపడానికి అక్కడ వాడిన మాట 'ఆయ్'. చేజార్చుకొనలేకపోవడం, ఇవ్వడానికి మనసొప్పకపోవడం ఆ మాటకు గల పాత అర్థాలలో ఒకటి. తరువాత బౌద్ధం ఆ దేశానికి వెళ్లింది. మన దేశపు గ్రంథాలను చీనా భాషలోనికి పరివర్తన చేసిన వారికి ద్వాదశ నిదానాలలోని 'తృష్ణ' అనే మాటకు సమానపదం కావలసివచ్చినది. వారు ఎంచుకొన్నది ఈ 'ఆయ్' అనే మాటనే. వేదన నుండి తృష్ణ, తృష్ణ నుండి ఉపాదానం, చివరకు జరామరణాలు: ఈ దుఃఖపు గొలుసులో ఒక లంకెగా శతాబ్దాల తరబడి సూత్రాలు పఠించేవారి నోట 'ఆయ్' పలుకుతూ వచ్చింది. కరుణామైత్రులకు వేరే మాటలు ఉన్నాయి. భారతీయ పాఠకుడు ఈ సంగతిని గుర్తుంచుకోవడం మంచిది. ఇంగ్లీషు 'లవ్'కు సమానార్థకంగా ఇప్పటి విద్యార్థి కంఠస్థం చేస్తున్న మాట వెనుక, మన దేశంనుండి వెళ్లిన ఒక అనుమానపు నీడ కూడా ఉన్నది.

స్వేచ్ఛగా ఒకరినొకరు ఎన్నుకొనే స్త్రీపురుషుల ప్రేమ అనే అర్థం ఆ మాటకు ప్రధానంగా పట్టినది 19వ శతాబ్దం చివరినుండి, అనువాదాల ద్వారా. 1899లో లిన్ షూ అనే పండితుడు, తనకు ఫ్రెంచి భాష రాకపోయినా మిత్రుడు చదివి అర్థం చెబుతూండగా, డ్యూమా కుమారుని 'కమీలియా పూల వనిత' నవలను ప్రాచీన గద్యశైలిలో అనువదించి ఒక తరాన్ని కన్నీరు పెట్టించాడు. 1920 నాటికి పట్టణాలలో చదువుకొన్న యువతీయువకులకు ప్రేమ ఒక సిద్ధాంతమైంది. సిద్ధాంతాన్ని నోటితో చెప్పే పద్ధతి మాత్రం వారికి ఇంకా అలవడలేదు.

ఆ అలవడకపోవడాన్ని లూ సున్ 1925లో రాసిన 'గతించినదానికి శోకం' అనే కథ పట్టుకొన్నంతగా మరి ఏ రచనా పట్టుకోలేదు. కథానాయకుడు చ్యువాన్‌షంగ్ తన చిన్న గదిలో కూర్చుని త్సూచ్యున్ అనే యువతికి కుటుంబ నిరంకుశత్వాన్ని గురించి, స్త్రీపురుష సమానత్వాన్ని గురించి, ఇబ్సెన్‌ను గురించి, ఠాకూరును గురించి, షెల్లీని గురించి చెబుతూ ఉంటాడు. ఠాకూరు చీనా దేశంలో పర్యటించినది అంతకు ముందటి సంవత్సరమే, 1924లో. ఆ పేరు అప్పటికి యువకుల నోళ్లలో నలుగుతూ ఉన్నది. ఇంత పాండిత్యం గల యువకుడు తన ప్రేమను తెలుపవలసిన క్షణం వచ్చేసరికి ముందుగా సిద్ధం చేసుకొన్న మాటలన్నీ మరచిపోతాడు. ఏమీ తోచక, సినిమాలో చూచిన విధంగా ఆమె చేయి పట్టుకొని కన్నీళ్లతో ఒక మోకాలు నేలమీద ఆనిస్తాడు. తరువాత ఆ సంగతి తలచుకొన్నప్పుడల్లా అతనికి సిగ్గు వేస్తుంది. ఆమె మాత్రం అతడు ఆనాడు అన్న ప్రతి మాటనూ అప్పజెప్పిన పాఠం వలె గుర్తు పెట్టుకొంటుంది, రాత్రివేళ అతని చేత తిరిగి చెప్పించుకొంటుంది, తప్పితే దిద్దుతుంది. అతనికి అరువు తెచ్చుకొన్న అభినయం ఆమెకు జీవితంలోని ఏకైక సత్యమైంది. చివరకు తనకు ఇక ఆమె మీద ప్రేమ లేదని చ్యువాన్‌షంగ్ నిజం చెప్పివేయడమూ, ఆమె తండ్రి వచ్చి తీసుకొనిపోవడమూ, తరువాత ఆమె మరణవార్త తెలియడమూ కథలో జరుగుతాయి. ఇంగ్లీషు తరగతి గదిలో కూర్చున్న నేటి విద్యార్థికి చ్యువాన్‌షంగ్ పూర్వీకుడు. పరదేశపు భంగిమలో అనురాగాన్ని ప్రకటించి, అది తనదో కాదో తేల్చుకొనలేక తికమకపడిన మొదటి పాత్రలలో అతడొకడు.

అరువు మాట ఇంటికి చేరిన తరువాత ఎటువంటి వేషం వేస్తుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. 1949 తరువాత కొన్ని దశాబ్దాలు చీనా ప్రధాన భూభాగంలో భార్యను గాని భర్తను గాని 'ఆయ్‌రెన్' అని పరిచయం చేయడం మర్యాదగా ఉండేది. పాత పదాలలో ఉన్న యజమాని, దాసి వాసనలు ఇందులో లేవని ఆ మాటను ఆదరించారు. మాటకు మాటగా దాని అర్థం 'ప్రేమపాత్రమైన మనిషి'. దానిని ఇంగ్లీషులో 'లవర్' అని అనువదించి, గంభీరులైన అధికారులు విదేశీ అతిథులకు తమ ధర్మపత్నులను ఆ పేరుతో పరిచయం చేయడం, అతిథులు ఉలిక్కిపడడం అనేక హాస్యకథలకు ఆధారమైంది. తైవానులో ఆ మాటకు ఆ ఉలికిపాటుకు తగిన అర్థమే ఉన్నది.

ఆప్యాయతను తెలిపే ఇతర మాటలు ఇంకా లోతుకు తీసుకొనిపోతాయి. పిల్లలమీద తల్లిదండ్రులకూ, మనుమలమీద అవ్వలకూ ఉండే ప్రేమను చీనా భాష 'థెంగ్' అంటుంది. ఆ మాటకు మొదటి అర్థం నొప్పి. పంటికి వచ్చినా, తలకు వచ్చినా, బిడ్డమీద వచ్చినా అదే మాట. దీనిని ఇంగ్లీషులో ఏమనాలి? 'డోట్' అంటే గారాబం తగులుతుంది. 'కేర్' అంటే ఆసుపత్రి వాసన వస్తుంది. 'షియాంగ్' అనే మాటకు ఆలోచించడం, కోరడం, దూరంగా ఉన్నవారికోసం బెంగపడడం అనే మూడు అర్థాలూ ఉన్నాయి. విద్యార్థి "ఐ థింక్ యు" అంటాడు. ఉపాధ్యాయుడు దానిని "ఐ మిస్ యు" అని దిద్దుతాడు. 'మిస్' అనేది రైలు తప్పిపోవడానికి వాడే మాట గదా అని విద్యార్థి విస్తుపోతాడు. ఎదుటివారిని తలచడమే వారికోసం బెంగపడడం అని చెప్పే భాషనుండి, వారు లేనందువల్ల ఏర్పడిన వెలితిని చెప్పే భాషకు అతడు దాటవలసి ఉన్నది. దాటవచ్చు, కాని ఆ దాటడాన్ని 'దిద్దుబాటు' అనడం మాత్రం న్యాయం కాదు.

ఇక అసలు మాటలే లేని ఆప్యాయత మరొకటి ఉన్నది. "తిన్నావా?", "ఇంకొక చొక్కా వేసుకో", "వేడినీళ్లు ఎక్కువగా తాగు" అనే వాక్యాలలో చీనా కుటుంబాల ప్రేమలో ముప్పాతికవంతు ఇమిడి ఉంటుంది. తెలుగువారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. 'తిన్నావా?' అనే ప్రశ్నకు అన్నంతో గల సంబంధం ఎంత స్వల్పమో ఇక్కడి తల్లులందరికీ తెలుసు. ఇంగ్లీషులోనికి మారినపుడు మాత్రం ఇవి ఆజ్ఞలుగా, ఆరాలుగా వినపడతాయి. అనురాగం ఆజ్ఞార్థకంలో ఉండగలదని ఇంగ్లీషు వ్యాకరణ పాఠం చెప్పదు.

షియావ్‌లూ గువో నవల ఈ ఇరుకునుండి పుట్టింది. గువో 1973లో జెజియాంగ్ రాష్ట్రంలో పుట్టి, బీజింగు ఫిల్ము అకాడమీలో చదివి, 2002లో లండను చేరింది. నేరుగా ఇంగ్లీషులో రాసిన ఆమె మొదటి నవల ఇది. కథానాయిక జువాంగ్ షియావ్ చావ్ ఇరవై మూడేళ్ల పల్లెటూరి పిల్ల. తల్లిదండ్రులకు చెప్పుల కర్మాగారం ఉన్నది. ఇంగ్లీషు నేర్చుకొని రమ్మని వారు ఆమెను ఒక సంవత్సరంపాటు లండను పంపుతారు. తన పేరు ఎవరికీ నోరు తిరగదు గనుక ఆమె 'జడ్' అనే ఒక్క అక్షరంతో సరిపెట్టుకొంటుంది. ఒక సినిమాశాలలో, తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన ఒక ఇంగ్లీషువాడితో పరిచయమవుతుంది. అతని పేరు నవలలో ఎక్కడా లేదు; ఆమె అతనిని 'నీవు' అనే పిలుస్తూ కథ చెబుతుంది. ప్రతి అధ్యాయానికీ శీర్షికగా ఒక ఇంగ్లీషు మాట, దాని కింద నిఘంటువులోని అర్థం ఉంటాయి. ఆ తరువాత ఆ మాట ఆమె జీవితంలో నిజంగా ఏమి చేసినదో వస్తుంది.

ఈ నిర్మాణం చమత్కారం కోసం చేసినది కాదని 'గెస్ట్' అనే అధ్యాయం దగ్గరే తేలిపోతుంది. నీవు ఉండే చోటు చూడాలని ఉన్నదని ఆమె అంటుంది. "బీ మై గెస్ట్" అంటాడతడు. 'తప్పకుండా, దానికేం' అనడానికి ఇంగ్లీషువారు అలవోకగా వాడే పలుకుబడి అది. ఆమె దానిని అక్షరాలా తీసుకొని పెట్టె సర్దుకొని అతని ఇంటికి కాపురానికి వచ్చేస్తుంది. హాస్యకథలో ఇది ఒక పూట నవ్వు. గువో చేతిలో ఇది ఒక సంసారానికి పునాది. అతడు ఆమెను వెనక్కు పంపడు. అపార్థం నుండి పుట్టిన కాపురమైనంత మాత్రాన అది అబద్ధపు కాపురం కాదు అని నవల తొణకకుండా చెబుతుంది. ఈ ఒక్క ఘట్టానికే ఈ నవలను మెచ్చుకోవచ్చు.

మొదటి పుటలలో జడ్ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉంటుంది: కాలాలు కలవవు, ఏకవచన బహువచనాలు తారుమారవుతాయి. నెలలు గడిచినకొద్దీ వాక్యాలు తీరుబడుతాయి. సంవత్సరాంతానికి ఆమె చక్కని, జాగ్రత్త గల ఇంగ్లీషు రాస్తుంది. అప్పటికి ప్రేమ ముగింపుకు వచ్చివుంటుంది. ఈ రెండు రేఖలు ఒకదానినొకటి దాటుకొనిపోవడంలోనే గువో కౌశలమంతా ఉన్నది. ఆమెకు భాష రానప్పుడు అతడు ఆమెకు ప్రతి మాటా నేర్పుతూ, చెట్ల పేర్లు చెబుతూ దగ్గరగా ఉన్నాడు. ఆమెకు భాష వచ్చిన తరువాత, తనకు ఏకాంతం కావాలనీ, ఆమె ఒంటరిగా ఐరోపా చుట్టి రావాలనీ అతడు అనడం ఆమెకు పూర్తిగా అర్థమవుతుంది. అర్థం కావడమే ఆమె దుఃఖం. 'ప్రైవసీ' అనే మాట చుట్టూ జరిగే కలహం ఇందుకు పరాకాష్ఠ. అతడు లేనప్పుడు ఆమె అతని పాత ఉత్తరాలు చదువుతుంది. కలసి బతికేవారి మధ్య దాచుకొనేది ఏమిటని ఆమె ప్రశ్న. తాను మోసపోయాననే బాధ అతనిది. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడతారు. ఇద్దరి మాటా న్యాయంగానే తోస్తుంది.

నవల మధ్యలో జడ్ విసిగిపోయి ఇంగ్లీషు మానివేసి తన భాషలో రాసుకొంటుంది. చీనా లిపి పుట మీద నిలుస్తుంది. తరువాత సంపాదకుని పేరిట దాని ఇంగ్లీషు అనువాదం వస్తుంది. నత్తిగా మాట్లాడిన పిల్ల ఒక్కసారిగా ప్రౌఢమైన వాక్యాలలో ఆలోచించగలదని తెలిసి పాఠకుడు సిగ్గుపడతాడు. ఇంతవరకు ఆమె ఇంగ్లీషును చూచి ఆమె మనసు కూడా అంతే అని తాను అనుకొన్నాడని అప్పుడు అతనికి తోస్తుంది.

ఇంత మెచ్చుకొన్న తరువాత ఒక లోపాన్ని చెప్పడం ధర్మం. జడ్ పాత్ర అప్పుడప్పుడు తన సొంత అనుభవాన్ని విడిచిపెట్టి, చీనావారు ఇట్లా, పాశ్చాత్యులు అట్లా అని తీర్పులు చెప్పనారంభిస్తుంది. అట్టి చోట్ల నవల బిగువు సడలుతుంది. ఇంగ్లీషులో 'లవ్' అనే క్రియకు భూత భవిష్యద్వర్తమానాలు ఉన్నాయనీ, కనుక అక్కడి ప్రేమకు కాలపరిమితి ఉన్నదనీ, చీనా భాషలో 'ఆయ్'కు కాలభేదం లేదు గనుక అది ఒక స్థితి, ఒక ఉనికి అనీ ఆమె చేసే విచారణ నవలలో అందరి దృష్టినీ ఆకర్షించిన భాగం. వినడానికి మనోహరంగానే ఉన్నది. వ్యాకరణరీత్యా అర్ధసత్యం మాత్రమే. చీనా క్రియ కాలాన్ని బట్టి రూపం మార్చుకోదన్నది నిజమే. కాని 'ఆయ్' తరువాత 'గువో' అనే చిన్న అవ్యయం చేర్చితే, ఒకప్పుడు ప్రేమించిన అనుభవం ఉన్నదనే అర్థం వస్తుంది. ఆ ప్రేమ ఇప్పుడు లేదనే ధ్వని కూడా తరచుగా దానితోపాటే వస్తుంది. లూ సున్ కథానాయకుడు తన ప్రేమ అడుగంటిందని చెప్పడానికి అతని మాతృభాషలో సాధనాలకు కొరత కలగలేదు. అతడు చెప్పగలిగాడు, ఆమె అర్థం చేసుకోగలిగింది. ప్రేమ ముగియడాన్ని చెప్పలేని భాష లోకంలో లేదు. జడ్ విచారణను భాషాశాస్త్రంగా కాక, విడిచిపోతున్న మనిషిని పట్టుకొని ఆపడానికి ఒక అమ్మాయి చేసిన వాదంగా చదివితే దాని విలువ తగ్గదు, పెరుగుతుంది. గువో దానిని ఆ విధంగానే చదవమన్నదో లేదో నవలను బట్టి తేల్చడం కష్టం.

యియున్ లీ కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. సంపుటికి పేరు ఇచ్చిన ఆ కథలో షీ అనే వృద్ధుడు, విడాకులు పొందిన కుమార్తెను ఓదార్చడానికి చీనానుండి అమెరికాలోని ఒక చిన్న పట్టణానికి వస్తాడు. కుమార్తె అతనితో ముక్తసరిగా మాట్లాడుతుంది. ఒకనాడు ఆమె టెలిఫోనులో ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడడం అతని చెవిన పడుతుంది. ఆ గొంతు అతడు ఎరిగినది కాదు: బిగ్గరగా, నవ్వుతూ, అరమరికలు లేకుండా ఉన్నది. ఆమె మనసిచ్చినవాడు రుమేనియా దేశస్థుడు. ఇద్దరికీ ఇంగ్లీషు పరాయి భాషే. మనసులోని మాట చెప్పుకోవడం అలవాటు లేని భాషలో పెరిగినవారికి కొత్త భాషలో మాట్లాడడం సులభమనీ, కొత్త భాష మనిషిని కొత్త మనిషిని చేస్తుందనీ కుమార్తె తండ్రికి చెబుతుంది.

జడ్ పోగొట్టుకొన్నచోట ఈమె సంపాదించింది. మాటకు బరువు లేకపోవడమే ఇక్కడ వరం. చిన్ననాటి భయాలు, ఇంటిలోని మౌనాలు అంటుకోని మాట గనుక, దానిని ఎత్తుకొని నడవడం ఆమెకు సాధ్యమైంది. బహుభాషులను పరిశీలించి 2008లో డెవేల్ అనే భాషాశాస్త్రజ్ఞుడు ప్రకటించిన వ్యాసం ప్రకారం, 'నిన్ను ప్రేమిస్తున్నాను' అనే వాక్యం ఎక్కువమందికి మొదట నేర్చిన భాషలోనే మిక్కిలి బరువుగా తోస్తుంది. లీ కథ ఆ బరువుకు మూల్యం ఎవరు చెల్లిస్తారో చూపుతుంది. తండ్రి చెల్లిస్తాడు. అతడు ఇంటిలో మౌనంగా ఉండడానికి కారణం ఉద్యోగ రహస్యాలని చెప్పుకొంటూ వచ్చాడు. నిజానికి ఒక యువతితో స్నేహంగా మాట్లాడినందుకు నింద మోసి, ఉద్యోగంలో దిగజారిపోయిన మనిషి అతడు. కుమార్తెకు ఈ సంగతి ఎప్పటినుండో తెలుసు. ఆమె అతనికి ఒప్పజెప్పేది అతని మౌనాన్నే.

కథలో మరొక సన్నని పోగు ఉన్నది. తండ్రికి పార్కులో ఒక ఇరాను దేశపు వృద్ధురాలు పరిచయమవుతుంది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు మాటలు కొద్ది. అవి అయిపోగానే ఎవరి భాషలో వారు మాట్లాడుకొంటారు. ఇద్దరికీ తృప్తిగానే ఉంటుంది. ఒకే పడవలో నది దాటడానికైనా ఎన్నో ఏండ్ల ప్రార్థనలు ఫలించి ఉండాలనే చీనా సామెతను అతడు ఆమెకు చెప్పడానికి ప్రయత్నించే తీరు కథకంతటికీ జీవం. మాటల బరువులు సరిపోలకపోయినా ఆప్యాయత పారుతుందని రచయిత్రి ఎక్కడా చెప్పలేదు. పార్కు బల్ల మీద ఇద్దరినీ కూర్చుండబెట్టి ఊరుకొన్నది. గువో కంటె లీ పొదుపరి. ఈ విషయంలో పొదుపే ఎక్కువ సాధించింది.

ఈ రచనలను భారతీయ భాషలలోనికి తీసుకొనిరాదలచినవారికి గువో నవల పెట్టే పరీక్ష ప్రత్యేకమైనది. "ఐ వెరీ లైక్ యు" అనే తరహా వాక్యాన్ని తెలుగు చేయండి: 'నువ్వంటే నాకు చాలా ఇష్టం'. తప్పు మాయమైపోయింది! తెలుగు వాక్యం నిర్దుష్టంగా, పైగా మధురంగా ఉన్నది. హిందీలో 'తుమ్ ముఝే బహుత్ అచ్ఛే లగ్‌తే హో' అన్నా అంతే. చీనా విద్యార్థిని ఇంగ్లీషులో తొట్రుపడిన చోట ఈ రెండు భాషలూ ఆమెకు తివాచీ పరచి దారి ఇస్తాయి. అనువాదకుడు ఆమె తొట్రుపాటును నిలపదలచుకొంటే తప్పును మరొకచోట వెదకాలి. ఇంగ్లీషులోను, చీనాలోను ఇష్టపడేవాడు కర్త. ఇష్టం అతడు చేసే పని. తెలుగులో, హిందీలో ఇష్టం మనిషికి కలిగేది, తోచేది. హిందీలో నైతే క్రియ కూడా ఇష్టపడే మనిషి లింగవచనాలను విడిచి, ఇష్టానికి పాత్రమైన మనిషి లింగవచనాలను అనుసరిస్తుంది. తెలుగు నేర్చుకొనే పరదేశి ఇక్కడనే కాలు జారుతాడు: 'నేను నిన్ను చాలా ఇష్టం' అంటాడు. జడ్ నోట పెట్టదగిన తెలుగు తప్పు ఇది. పెట్టె సర్దుకొని అడగకుండానే వచ్చినది ఆమె గనుక, చతుర్థిని విడిచి ప్రథమావిభక్తిని పట్టుకోవడం ఆమె స్వభావానికి కూడా తగి ఉంటుంది.

తెలుగువాడికి మరొక చిక్కు ఉన్నది; ఇది ఇంగ్లీషు మూలంలో లేనిది. జడ్ తన కథనంతా 'యు'తో నడుపుతుంది. ఆ మాటలో గౌరవమూ లేదు, చనువూ లేదు, రెండూ ఉన్నాయి. ఆమె సొంత భాషలో మామూలు 'నీ', మన్నించి పిలిచే 'నిన్' అని రెండు ఉన్నాయి. మొదటిదాని శబ్దం తెలుగు చెవికి చుట్టరికంగా వినపడడం కాకతాళీయం. తెలుగులో అయితే సినిమాశాలలో కలసిన, ఇరవై ఏళ్లు పెద్దవాడైన అపరిచితుడు 'మీరు' కాక మరొకటి కాడు. పెట్టెతో గడప తొక్కిన నాడు ఆమె అతనిని 'మీరు' అనే పిలుస్తుందా? 'మీరు' ఏ పుటలో 'నువ్వు' కావాలి? ప్రైవసీ కలహం జరిగిన రాత్రి కోపంలో ఏది రావాలి? ఏడాది గడువు తీరి ఆమె బీజింగు చేరిన తరువాత, వేల్సులో స్థిరపడిన అతని ఉత్తరం చేతికి అందినపుడు, ఆమె మనసులో అతడు 'నువ్వు'గానే మిగిలినాడా, తిరిగి 'మీరు' అయినాడా? మూలగ్రంథం నోరు విప్పదు. తెలుగు అనువాదకుడు మాత్రం ప్రతి పుటలోను ఏదో ఒకటి రాసి తీరాలి.